ల్యాంపు రూమన్న బండిలో నిప్పు

మా షెడ్డులో ఇప్పుడు పనిచేస్తున్న తమ్ముళ్లకు ఈ సంగతి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మీ దగ్గర ఇప్పుడు మంచి యంత్రాలున్నాయి. బండికి వైరు తగిలిస్తే రోగం ఎక్కడుందో తెర మీద చెబుతుంది. మాకు ఒక టెస్ట్ ల్యాంపు, ఒక స్క్రూ డ్రైవర్, రెండు చెవులు ఉండేవి. వాటితోనే ఎన్నో డంపర్లను, జీపులను, అంబులెన్సులను దారికి తెచ్చాను. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది మాత్రం కంపెనీ బండి కాదు. లోపల పాయింట్లు ఉండే పాతకాలపు మోటారు సైకిలు.

నేను గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ వాహనాల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి దిగిపోయాను. ఇక్కడ రిటైరయ్యాడు అనరు, దిగిపోయాడు అంటారు. షెడ్డులో నా పేరు చాలామందికి తెలియదు. 'దొర' అనేవారు. మా తాతది రామగిరి వైపు పెద్ద ఇల్లు. నేను పుట్టేనాటికే భూమి చాలావరకు పోయింది. మిగిలింది నాయన చేతిలో పోయింది. ఇల్లు కూలింది. చివరికి ఆ ఊరే ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట కిందికి వెళ్లింది. నేను హెల్పర్‌గా చేరినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. అక్కడున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 'దొర' అన్న పేరు ఆ రోజే పడింది. ఆ పిలుపుకు నేను ఎప్పుడూ పలకలేదు. పలకకపోయినా పిలవడం ఎవరూ మానలేదు.

ఒక్క మనిషి పిలిస్తే మాత్రం పలికేవాణ్ని. అతను బాయి మీద, అంటే బొగ్గుగని పైన, ల్యాంపు రూములో పనిచేసేవాడు. లోపలికి దిగే ప్రతి కార్మికుడి టోపీకి ఉండే దీపాన్ని చార్జింగ్ చేసి, షిఫ్టు మొదట్లో కిటికీలోంచి చేతికి అందించడం అతని పని. అతని నాయన మా తాత దగ్గర బండ్లు తోలినవాడు. మా ఇంట్లో ఆఖరికి అమ్ముడుపోయిన వస్తువు మా నాయన మోటారు సైకిలు. దాన్ని కొన్నది ఇతనే, బాయిలో కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు. నాకంటే కొంచెం పెద్దవాడు. అతన్ని 'అన్నా' అని పిలవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పిలిచాక ఇన్నేళ్లు ఎందుకు ఆలస్యం చేశానా అనిపించింది.

ఒక రోజు ఫస్ట్ షిఫ్టు అయ్యాక షెడ్డుకు కుంటుకుంటూ వచ్చాడు. కుడికాలు మోకాలి దగ్గర మడవడం రాదు. చాలా ఏళ్ల క్రితం లోపల పైకప్పు పడినప్పుడు నలిగింది. అప్పటినుంచే అతనికి ల్యాంపు రూము డ్యూటీ.

"దొరా, ఈ నెలాఖరుకు దిగిపోతున్న. ఎరికేనా?"

"ఎరికే."

"బాయి గేటు కాన్నుంచి ఇంటి దాక బండి మీదనే పోవాలె. మీ నాయన బండి."

"అది నడుస్తదా?"

"నడుస్తే నీ తాన్కెందుకొస్త?"

ఇక్కడి ఆచారం తెలియనివాళ్లకు చెబుతాను. దిగిపోయే రోజు షిఫ్టు అయ్యాక తోటివాళ్లు దండలు వేసి, డప్పులు కొట్టిస్తూ మనిషిని బాయి గేటు నుంచి క్వార్టర్ దాకా ఊరేగింపుగా తీసుకెళ్తారు. కొందరు జీపు ఎక్కుతారు, కొందరు నడుస్తారు. మొదటి డ్యూటీకి ఏ బండి మీద వచ్చాడో ఆఖరి డ్యూటీ నుంచి ఆ బండి మీదే ఇంటికి వెళ్లాలని ఇతని కోరిక. కాలు నలిగాక బండి ఎక్కలేదు. ఎవరు అడిగినా అమ్మలేదు.

మరునాడు సాయంత్రం క్వార్టర్‌కు వెళ్లాను. ముందు గదిలో అతని భార్య చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కత్తెరతో తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. ఆ చేతులు మనిషి వచ్చినా ఆగవు.

"దొర వచ్చిండు, చాయ్ వెట్టు" అన్నాడు అన్న.

"చాయ్ వెడత. గా గుజిరీకి ప్రాణమెందుకు పోస్తరో చెప్తే చక్కెర గూడ ఏస్త" అంది ఆమె, తల ఎత్తకుండానే.

బండి పెరట్లో రేకుల కింద ఉంది. బాయిలో గాలిని మళ్లించడానికి అడ్డంగా కట్టే మందపాటి గుడ్డ ఉంటుంది. దాని పాత ముక్కతో బండిని శవానికి కట్టినట్టు చుట్టి కట్టాడు. గుడ్డ విప్పాను. తెల్లటి పొడి గుప్పున నా చొక్కా మీద పడింది.

"ఇదేందన్నా?"

"స్టోన్ డస్టు" అన్నాడు గర్వంగా. "చెమ్మ పట్టొద్దని సల్లిన."

బాయి లోపల బొగ్గు దుమ్ము అంటుకుని పేలకుండా గోడలకు, నేలకు చల్లే రాతిపొడి అది. దానివల్ల ఎన్ని ప్రాణాలు దక్కాయో లెక్కలేదు. అందుకే మావాళ్లకు దాని మీద దేవుడి మీదున్నంత నమ్మకం. ఇంట్లో చీమలు పడితే చల్లుతారు, చెప్పుల్లో చల్లుకుంటారు. ఇతను మోటారు సైకిలుకు చల్లాడు. ఇంజను మీద, కాయిలు మీద, వైర్ల సందుల్లో ఎక్కడ చూసినా అదే. అన్ని వానాకాలాల చెమ్మా పీల్చుకుని కొన్నిచోట్ల సున్నంలా గట్టిపడింది.

"అన్నా, బాయిల బొగ్గు పేలకుండ సల్లుతరు. నువ్వు బండి పేలకుండ సల్లినవ్."

"నడువది గని కరాబు గాలేదు గదా?" అన్నాడు.

నేను చొక్కా దులుపుకున్నాను.

అక్కడ మొదలుపెట్టాను. ట్యాంకులో పెట్రోలు జిగురై వార్నిషు వాసన కొడుతోంది. ట్యాంకు కడిగాను, కార్బొరేటర్ విప్పి కడిగాను. చార్జి ఉన్న బ్యాటరీ ఒకటి పెట్టాను. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాను. నిప్పు లేదు. పాయింట్ల మూత విప్పాను.

పాయింట్లు మీలో కొందరు చూసి ఉండరు. చిన్న శనగగింజల్లాంటి రెండు లోహపు బుడిపెలు. ఇంజను తిరిగేటప్పుడు అవి కలుస్తాయి, విడిపోతాయి. కలిసినప్పుడు కాయిల్లోకి కరెంటు పోతుంది. విడిపోయిన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పు పుడుతుంది. రెంటి మధ్య మకిలి ఏ కాస్త ఉన్నా కరెంటు దాటదు. ఈ బండి పాయింట్ల మీద రాతిపొడి, తుప్పు కలిసి పొక్కు కట్టింది. సన్నటి ఆకురాయితో గీరి, తుడిచి, సందు సరిచేసి కిక్కు కొట్టాను. ప్లగ్గు కొన మీద నీలిరంగు నిప్పు టిక్కుమంది.

అన్న గోడ పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. "పుట్టింది" అన్నాడు, బిడ్డ పుట్టినట్టు.

బ్రేకులు చూడాలి, టైర్లలో గాలి నింపించాలి. రేపు స్టార్టు చేద్దామని వచ్చేశాను.

మర్నాడు వెళ్లి కిక్కు కొడితే నిప్పు లేదు. నిన్న నా కళ్లతో చూసిన నిప్పు ఈ రోజు లేదు. నాకు ఒళ్లు మండింది. మూత విప్పి, సరిగా చూడకుండానే ఆకురాయితో పాయింట్లను మళ్లీ గీరాను. నిప్పు వచ్చింది. ఇది కండెన్సర్ తప్పు అనుకున్నాను. అది చెడితే పాయింట్లు ఊరికే మాడతాయి.

షెడ్డులో అలాంటి కండెన్సర్లు పాతవి ఉండేవి. కంపెనీ వస్తువును, అది వాషరైనా సరే, గేటు దాటించడం నాకు అలవాటు లేదు. చౌరస్తాలో పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. దుకాణం ముసలాయనది ఇంట్లో ఉర్దూ, కౌంటర్ దగ్గర మా మాట.

"దొరసాబ్, కండెన్సర్ పోయిందని ఎవలు చెప్పిండ్రు? నీ దిల్ చెప్పిందా, టెస్ట్ ల్యాంపు చెప్పిందా?"

"ముప్పై ఏండ్ల అనుభవం చెప్పింది."

"అనుభవం మంచిదే. గని పుర్జాలు మార్చుకుంట పోతే మెకానిక్ కాడు దొరసాబ్, మాకు గిరాకి అయితడు" అని నవ్వుతూనే వెతికి ఇచ్చాడు.

కండెన్సర్ వేశాను. ఆ సాయంత్రం నాలుగో కిక్కుకు బండి దగ్గింది. ఇంకో కిక్కుకు లేచింది. రేకుల కింద పొగ నిండింది. పొగలోంచి తెల్లటి రాతిపొడి ఎగిరింది. పక్క క్వార్టర్ల వాళ్లు గోడ మీదుగా తొంగిచూశారు. నా చిన్నప్పుడు మా నాయన ఊరి మలుపు తిరుగుతుండగానే ఈ చప్పుడు విని మా అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టేది. ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చేతులు తుడుచుకున్నాను.

"అరే, నా బండేరా ఇది!" అని అన్న పక్కింటివాళ్లకు అరిచి చెప్పాడు. తర్వాత నన్ను చూసి, "మన బండి" అన్నాడు.

ముందు గదిలో కత్తెర చప్పుడు ఆగలేదు.

మర్నాడు డ్యూటీలో ఉండగానే కబురు వచ్చింది. మళ్లీ చచ్చింది. కబురు నా కంటే ముందు ల్యాంపు రూముకు చేరింది. అక్కడ క్యూలో నిలబడేవాళ్లకు పని లేదు, నోరు ఉంది. నేను ఏదో పని మీద ఆ వైపు వెళ్తే బొగ్గు టబ్బులు తోసే ట్రామర్ ఒకడు కిటికీలోంచి దీపం అందుకుంటూ అన్నాడు:

"అన్నా, దొర ఎలిగిస్తే ఎలుగుతదట, దొర పోతే ఆరుతదట. గా దొరనే బండికి కట్టేసుకో."

"కట్టేసుకుంటే దొరకు తిండెవలు వెడతరురా? ఇస్త్రీ చేసిన అన్నం గావాలె" అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. "మీ నెత్తి మీద లైటు ఎలుగుతున్నది గదా, జల్ది దిగుండ్రి" అని కసిరాడు. నాకు మెడ నిటారుగా పెట్టుకుని నడవడం తప్ప ఇంకేమీ చేతకాలేదు. దిగిపోయే రోజు దగ్గరికి వచ్చేసింది.

ఆ సాయంత్రం బండి ముందు కూర్చుని దుకాణం ముసలాయన మాట తలచుకున్నాను. ఏదీ మార్చకూడదు, ఏదీ గీరకూడదు. కరెంటు ఎక్కడిదాకా వస్తోందో ముందు చూడాలి. టెస్ట్ ల్యాంపు పెట్టాను. బ్యాటరీ నుంచి తాళందాకా వచ్చింది. తాళం నుంచి కాయిల్‌కు వచ్చింది. కాయిల్ నుంచి పాయింట్ల దాకా వచ్చింది. పాయింట్లు కలిసి ఉన్నా అవతలికి దాటలేదు.

అన్న చాయ్‌కి పాలు తేవడానికి వెళ్లాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని, చిన్న చిమటాతో పాయింట్ల మధ్య నుంచి నల్లటి పలుకు ఒకటి బయటికి తీశాను. మొన్న నేను చూడకుండా గీరేసింది ఇలాంటిదే అయ్యుంటుంది. మకిలి కాదు. ఆకు. గాలికి ఎగిరి వచ్చిన ఆకైతే అంచు చిరిగి ఉంటుంది. దీనికి నాలుగు వైపులా తిన్నటి అంచులున్నాయి.

తల ఎత్తాను. ముందు గది తలుపు తెరిచే ఉంది. ఆమె నావైపే చూస్తోంది. కత్తెర ఆగింది.

లేచి గడప దగ్గరికి వెళ్లి, అరచేతిలో ఆకుముక్క చూపించాను.

"ఇది నీ కత్తెరదే గదా వదినా?"

"నాదే."

"నేను వచ్చిపోయినప్పుడల్ల పెట్టినవా?"

"పెట్టిన."

"పాయింట్ల ముచ్చట నీకెట్ల ఎరిక?"

"ఎట్ల ఎరికనా?" ఆమె చాట పక్కన పెట్టింది. "కొత్తగ పెండ్లైనప్పుడు ఐతారమొస్తే అందరు మొగలు పెండ్లాలను సినిమాకు తీస్కపొయ్యేది. ఈ మనిషి నన్ను గీ బండి ముందట కూసోవెట్టేది. లైటు వట్టు, కిక్కు జర తిప్పు, ఆగు, ఇంక జర. పాయింట్లు తుడువనీకి ఆకు గూడ నా సాటలకెంచే గుంజుకునేది. నాకెరుక గాకుంటే ఎవలకెరుక?"

"వద్దని చెప్పొచ్చు గదా."

"ఇనేటోనికి చెప్పాలె." తర్వాత గొంతు తగ్గించింది. "బాయిల పడ్డనాడు నలుగురు తలో దిక్కు పట్టుకొని మోస్కొచ్చిండ్రు. దవాఖాన మెట్ల కాడ నేను సూశిన. మొకమంత నల్లగ, కండ్లు మూసుకొని. ఉన్నడా లేడా అని ఎవల్ని అడిగినా చెప్తలేరు. గప్పటి సంది షిఫ్టు ఇడిశే టైముకు తలుపు కాడ నిలవడుతున్న. ల్యాంపు రూముల ఏం ప్రమాదమున్నది? అయినా నిలవడుతున్న. ఇగ దిగిపోతడు, ఇగ నిలవడేది లేదనుకున్న. గిప్పుడు బండట! కాలు మడువరాదు. రోడ్డు నిండ బొగ్గు లారీలు. గీ ఒక్కనాటికే ఎక్కుతడా? రుచి మరిగితే రోజు ఎక్కుతడు."

నేను అరచేతిలోని ఆకుముక్కను చూశాను.

"మీ నాయన బండని నీకు ముచ్చట దొరా. తప్పువడత లేను. నాకు నా మనిషి ముచ్చట. పొయ్యి చెప్తవా, చెప్పు."

తమ్ముళ్లూ, మీకు మొదటి రోజే నేర్పిన పద్ధతి ఒకటుంది. మోటారు ఆపి దాని మీద పని చేసేవాడు స్విచ్చుకు తన తాళం తాను వేసుకుంటాడు. ఆ తాళం వేసినవాడే తీయాలి. బొగ్గు ఆగిపోయినా, మేనేజరు వచ్చి అరిచినా ఇంకొకడు ముట్టకూడదు. ఎందుకంటే ఆ తాళం అవతల ఒక ప్రాణం ఉంటుంది. ఎవరి ప్రాణమో, ఎక్కడుందో తాళం వేసినవాడికే తెలుసు. నా సర్వీసులో ఈ పద్ధతిని నేను ఒక్కసారి కూడా తప్పలేదు.

బండి దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆకుముక్కను చిమటాతో పట్టుకుని మళ్లీ పాయింట్ల మధ్య పెట్టాను. మూత బిగించాను.

ఆమె గడప దాకా వచ్చింది. "ఏం జేస్తున్నవ్?"

"తాళం నీది వదినా. తీస్తే నువ్వే తియ్యాలె."

అన్న పాల గిన్నెతో వచ్చాడు. "దొరికిందా దొరా?"

ఎంతోమంది అధికారుల ముందు నేను తల వంచలేదు. పని రాదని ఏ రోజూ ఎవరితోనూ అనిపించుకోలేదు. మా తాత ఇంట్లోంచి నాకు వచ్చిన ఆస్తి ఏదైనా ఉందంటే అదే. అయినా చెప్పాను.

"నాతోటి కాదన్నా."

"గట్లంటవేంది? నీతోటి కానిది ఉంటదా?"

"ఈసారి ఉన్నది."

నా మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో తెలియదు. భుజం మీది తువ్వాల తీసి బండి ట్యాంకు మీద దుమ్ము తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "పోనీ తీ. చాయ్ తాగు" అన్నాడు. ఆ చాయ్‌లో చక్కెర ఉందో లేదో నాకు గుర్తులేదు.

ఆ తర్వాత రోజులు షెడ్డులో, ల్యాంపు రూములో నా మీద పడిన మాటలు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. "దొర డంపర్లకే డాక్టరు, మోటరు సైకిలుకు మంత్రసాని గావాలె" అన్నది వాటిలో మర్యాదైనది.

దిగిపోయే రోజు వచ్చింది. నేను సగం పూట సెలవు పెట్టి బాయి గేటుకు వెళ్లాను. సెకండ్ షిఫ్టు వాళ్లు ల్యాంపు రూము కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డారు. దీపం అందుకున్న ప్రతివాడూ అతని చెయ్యి పట్టుకుని వదలడం లేదు. వరుస పెరిగిపోయింది. "వాన్ని రేపు ఇంటికి పొయ్యి సూడుండ్రి, ఇప్పుడు బాయిల దిగుండ్రి!" అని షిఫ్టును చూసుకునే ఓవర్‌మన్ అరిచాడు. అరిచి, తన దీపం కోసం తానూ వచ్చి, తానూ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

బయటికి వచ్చేసరికి గేటు ముందు బండి ఉంది. పొద్దున్నే ల్యాంపు రూము వాళ్లు క్వార్టర్ నుంచి తోసుకుంటూ తెచ్చారట. హ్యాండిల్‌కు బంతిపూల దండ కట్టారు.

"స్టార్టు గాకున్నా పర్వలేదు. నేను కూసుంట, మీరు దొబ్బుండ్రి" అన్నాడు అన్న.

ఉపన్యాసాలు అయ్యాయి. శాలువా కప్పారు. దండలు ముక్కు దాకా వచ్చాయి. డప్పులు మొదలయ్యాయి. అతన్ని ఎత్తి బండి మీద కూర్చోబెట్టారు. నలుగురు తలో వైపు పట్టుకుని తోశారు. ఇంటి ఆడవాళ్లు ఒక పక్కగా నడుస్తున్నారు. వదిన పట్టుచీర కట్టుకుంది. నేను వెనుక నడిచాను.

డప్పుల ముందు కుర్రాళ్లు ఎగురుతున్నారు. బండి మీద అన్న మాత్రం కదలకుండా కూర్చున్నాడు. చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయి కానీ తిప్పడానికి ఏమీ లేదు. కళ్లు దించుకున్నాడు. చెమటతో, దుమ్ముతో మొహం నల్లబడింది. అతన్ని పట్టుకుని తోస్తున్న నలుగురిలో ఇద్దరు ఆ రోజు బాయిలోంచి అతన్ని మోసుకొచ్చినవాళ్లే.

కాలనీ వైపు రోడ్డు తిరిగేచోట వదిన ముందుకు వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"ఆపుండ్రి."

తోసేవాళ్లు ఆగారు. డప్పులు ఆగలేదు.

"ఏమైందే?" అన్నాడు అన్న.

"గిట్ల నలుగురు పట్టుకొని తెచ్చుడు ఒక్కసారి సూశిన. మల్ల సూడ." ఆమె నావైపు తిరిగింది. అంతకుముందు ఎప్పుడూ దొర అనే పిలిచేది. ఆ రోజు, "మర్దీ, స్క్రూ డ్రైవర్ ఉన్నదా?" అంది.

పెళ్లికి వెళ్లినా నా జేబులో ఉంటుంది. ఇచ్చాను.

ఆమె పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని రోడ్డు మీద గొంతుకూర్చుంది. మూత విప్పింది. కొప్పులోంచి పిన్ను తీసి, పాయింట్లు విడదీసి, ఆకుముక్కను లాగింది. డప్పులవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు.

"గదేంది?" అన్నాడు అన్న.

"తునికాకు."

"అండ్లకెట్ల వొయ్యింది?"

"నేను వెట్టిన."

అతను ఆకును చూశాడు, ఆమెను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "దొరా, నీకెరికేనా?"

నేను రోడ్డు వైపు చూశాను.

"ఎరికే గదా! మరి నాతోటి కాదంటివి?"

"కాదు గదా అన్నా. ఆమె పెట్టింది నేనెట్ల తీస్త?"

ల్యాంపు రూము వాళ్లలో ఎవడో ముందు నవ్వాడు. తర్వాత అందరూ. అన్నకు నవ్వాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

"నన్ను ఆపనీకి గింత ఆకు సాలెనా?" అన్నాడు భార్యతో.

"నిన్ను ఆపనీకి సాలలేదు. బండిని ఆపనీకి సాలింది." ఆమె లేచి చేతులు దులుపుకుంది. "ఇను. ఎనుక నేను కూసుంట. ఫస్టు గేరు దాటద్దు. కాలు నొస్తే చెప్పాలె. ఇంటి ముందట ఆపాలె. సరేనా?"

"సరే."

"నలుగురిల చెప్పు."

"సరేనే తల్లీ!"

నేను రుమాలు తీసి పాయింట్లు తుడిచాను. పొద్దున్నే ఇస్త్రీ చేసుకున్న తెల్ల రుమాలు. మూత బిగించాను. ఆమె ఒక పక్కకు కాళ్లు పెట్టి వెనుక కూర్చుని అతని భుజం పట్టుకుంది. నలుగురు గట్టిగా తోశారు. గేరు పడింది. బండి ఒక కుదుపుతో ఆగబోయి, దగ్గి, లేచింది. పొగ మా అందరి మీదా కమ్మింది.

కాలనీ దాకా డప్పుల వేగంతోనే నడిచింది. ఫస్టు గేరు దాటలేదు. నలుగురూ పక్కనే నడిచారు కానీ ఎవరి చేతులూ బండి మీద లేవు. అన్న వీపు తిన్నగా లేచింది. దారిలో కనిపించిన ప్రతి మనిషికీ తల ఊపాడు. క్వార్టర్ ముందు వాళ్ల కోడలు హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. చెప్పిన మాట ప్రకారం అతను బండి నెమ్మది చేశాడు.

వెనుక నుంచి వదిన గొంతు వినిపించింది. "ఆపకు."

"ఇల్లు వచ్చిందే."

"నాకు కండ్లు లేవా? ఆపకు. ఇంకో సుట్టు తిప్పు."

అతను ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత క్లచ్చు నొక్కాడు. సెకండు గేరు పడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. భుజం మీది చెయ్యి ఏమీ అనలేదు. కోడలు హారతి పళ్లెంతో సహా పక్కకు జరిగింది.

రోడ్డు మీద హడావుడిలో పాయింట్ల సందు సరిచేయకుండానే వదిలేశాను. మలుపు దగ్గర ఇంజను ఆగితే పక్కన మనిషి ఉండాలి. మా ఇంట్లో మా తాతగానీ, నాయనగానీ నలుగురూ చూస్తుండగా వీధిలో పరుగెత్తిన పాపాన పోలేదు. నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని ఆ బండి వెనుక పరుగెత్తాను. పొగలో వదిన నవ్వు వినిపిస్తోంది. ఇంజను ఆగలేదు.